మూగాట

ఆ ఇంట్లో అందరికీ తెల్లారాక రాత్రి మొదలయ్యేది. ఆయన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి, స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి ఒక అట్టముక్క అడ్డం పెట్టి నడుం వాల్చేసరికి వీధంతా లేచి పనుల్లో పడేది. ఉన్నదేమో ఒక గది, ఒక వంటిల్లు. మధ్యలో తలుపు కూడా లేదు, ఒక తెర. తెరకి అవతల మొగుడి నిద్ర, ఇవతల ఇద్దరు పిల్లలు. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా ఇముడుతాయో ఆలోచించాల్సింది మాత్రం ఆవిడ. ఇలాంటి లెక్కలన్నీ ఆడదాని నెత్తినే పడతాయి, ఎందుకని ఎవరూ అడగరు.

ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. ఆయన పని అట్టలు కోసే మెషీను దగ్గర. బారెడు బ్లేడు పైనుంచి దిగి, కింద పెట్టిన అట్టల దొంతరని ఒక్క దెబ్బకి తెగ్గొట్టి పైకి పోతుంది. అది దిగేలోపు చెయ్యి వెనక్కి లాక్కోవాలి. ఆ పనిలో అంతకు మించి నేర్చుకోవాల్సిందేమీ లేదు. పోయినేడు ఒకరోజు పిల్లలిద్దరూ పగలంతా గంతులేసి, కొట్టుకుని, ఏడ్చి, తండ్రికి కంటిమీద కునుకు లేకుండా చేశారు. ఆ రాత్రి మెషీను ముందు ఆయనకి రెప్ప వాలింది. ఎడంచేతి వేళ్లు రెండు అట్టముక్కలతో పాటు బుట్టలో పడ్డాయి.

ఆయన పిల్లల్ని ఒక్క మాట అనలేదు. పెళ్లాన్నీ అనలేదు. నాలుగు తిట్టినా ఆవిడ మనసు కుదుటపడేదేమో. కట్టు విప్పాక పనిలోకి వెళ్లిన రోజున సూపర్‌వైజరు, "ఇంకోసారి కునికావంటే ఇటు రాకు" అన్నాడట. ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. ఇంకోసారి కునికితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదని, బ్లేడుకి వేళ్లకీ మణికట్టుకీ తేడా తెలియదని ఆవిడకి తెలుసు. ఇక ఈ ఇంట్లో ఆయన నిద్రపోతుండగా చీమ చిటుక్కుమనకూడదని ఆరోజే తీర్మానం చేసుకుంది.

తీర్మానం చేసుకోవడం తేలికే. పెద్దోడు రెండో తరగతి, బడికి సెలవులిచ్చారు. చిన్నదానికి నాలుగేళ్లు. గుండ్రంగా నున్నగా ఉంటుందని అందరూ బుడంకాయ అనే పిలుస్తారు, అసలు పేరు పెట్టినవాళ్లకైనా గుర్తుందో లేదో. కొడితే ఏడుస్తారు, తిడితే ఏడుస్తారు, బతిమాలితే నెత్తికెక్కుతారు. ఇక మిగిలింది ఆట ఒక్కటే.

ఆటలు కనిపెట్టే నేర్పు తనకుందని అప్పటిదాకా ఆవిడకే తెలియదు. ఆయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చే అట్టముక్కలతో గోడవారగా ఒక ఊరు కట్టించింది. ఇళ్లు, వంతెన, ఖాళీ దారపు రీళ్ల చక్రాలతో బస్సు. బస్సుకి హారను మాత్రం లేదు. దూదిపింజని నేలమీద పెట్టి నోటితో ఊదుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి పందెం పెట్టేది, మధ్యలో నవ్వినవాళ్లు అవుట్. కిటికీ అట్టకి చిన్న చిల్లు పెడితే ఎండ బిళ్లలా వచ్చి తెరమీద పడేది, అక్కడ వేళ్లతో కుందేళ్లూ ఒంటెలూ పరిగెత్తేవి. ఆవిడ చొక్కాల కాంట్రాక్టరు దగ్గర గుండీలు కుట్టే పని తెచ్చుకునేది. గుండీల డబ్బా ముందు పెట్టి, కళ్లు మూసుకుని తడిమి నాలుగు చిల్లులవి ఒకవైపు, రెండు చిల్లులవి ఒకవైపు వెయ్యమంటే పిల్లలు పూటంతా లోకం మరిచిపోయేవాళ్లు. బొమ్మలు కొని పిల్లల ముందు పోసే తల్లులు ఆవిడ దగ్గర పాఠాలు చెప్పించుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్దది మూగాట. నాన్న నడుం వాల్చగానే మొదలు, నాన్న లేచి దగ్గితే అయిపోయినట్టు. అట్టల దుమ్ము పీల్చి పీల్చి ఆయనకి నిద్ర లేవగానే పెద్ద దగ్గు వస్తుంది, పాత మోటారు సైకిలు స్టార్టు చేసినట్టు. అది వినపడేదాకా నోరు విప్పినవాళ్లు ఓడినట్టు. సైగలు చెయ్యొచ్చు. ఏడుపొస్తే ఏడవచ్చు కూడా, శబ్దం రాకపోతే చాలు. గెలిచినవాళ్లకి ఆ రోజుకి ఒక గుండీ.

కొన్నాళ్లకి ఆట చప్పబడింది. ఆవిడే ఒక మెలిక పెట్టింది. పిల్లలు మాంచి పట్టుమీద ఉన్నప్పుడు చెవి దగ్గరకొచ్చి, "అయిపోయిందర్రా ఆట, ఇంక మాట్లాడండి" అని గుసగుసగా అనేది. పెద్దోడు "హమ్మయ్య" అనేవాడు, ఓడిపోయేవాడు. బుడంకాయ కూడా ఒకసారి, "నేనే గెలిచానా అమ్మా?" అంది. అమ్మ వేలు ఊపి, ఓడిపోయావుగా అని సైగ చేసింది. ఆ పిల్ల వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. శబ్దం రాలేదు.

ఆ తర్వాత దాన్ని పడగొట్టడం ఎవరి తరం కాలేదు. ఒట్టేసి చెప్పినా, ముద్దుపెట్టి చెప్పినా, నీ ఎత్తులు నా దగ్గర సాగవులే అన్నట్టు పెదాలు బిగించి ఓరగా చూసేది. ఒకసారి ఆవిడ ఆయనలాగా దగ్గింది కూడా. పిల్ల పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వింది. "నాన్న దగ్గు అమ్మకి రాదు" అని సాయంత్రం ఇల్లంతా చాటింది. నా కూతురు గట్టి పిండం అని ఆవిడ లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుని ఆవిడ తర్వాత తన చెంపలు తనే వాయించుకుంది, కానీ అప్పటికైతే మురిసిపోయిన మాట నిజం.

ఇదంతా ఆయనకి తెలియదు. తెలిస్తే, "పిల్లల నోళ్లు కుట్టేసి నాకు నిద్ర పెడతావా?" అంటాడని చెప్పలేదు. ఆయన ఫ్యాక్టరీలో, "మా పిల్లలు నోట్లో నాలుక లేనివాళ్లు, ఎవరి పోలికో ఏమో" అని గొప్పలు పోయేవాడు.

ఇలా ఉండగా బుడంకాయ పుట్టినరోజుకి పిన్ని వచ్చి ఒక బొమ్మనిచ్చింది. పొట్ట నొక్కితే పాడుతుంది. పాటంటే పాట కాదు, కీచుమని అరుపు. పిల్లకి అదే ప్రాణం. ఆ మర్నాడు ఆయన పడుకోబోయే ముందు ఆవిడ బొమ్మ వీపు విప్పి, కోటు గుండీ అంతున్న తెల్లటి బ్యాటరీ బిళ్లని పైకి తీసింది.

"బొమ్మ పాట ఇందులో ఉంటుంది. నాన్న లేచాక మళ్లీ పెడతా" అంది.

"అప్పటిదాకా పాట ఎక్కడుంటుంది?"

"గుండీల డబ్బాలో పడుకుంటుంది, నాన్నలాగే."

అలా ఆ బిళ్ల రోజూ పొద్దున గుండీల డబ్బాలోకి వెళ్లేది, సాయంత్రం బొమ్మలోకి వచ్చేది.

ఆరోజు కాంట్రాక్టరు మనిషి సాయంత్రం చొక్కాలకి వస్తానన్నాడు. ఆవిడ వంచిన తల ఎత్తకుండా కుడుతోంది. పెద్దోడు వంతెన మీద బస్సు నడుపుతున్నాడు. బుడంకాయ బొమ్మని ఒళ్లో పడుకోబెట్టుకుని డబ్బాలో గుండీలు ఏరుతోంది. కాసేపటికి ఎందుకో ఆవిడ తలెత్తి చూస్తే పిల్ల నిలబడి ఉంది. రెండు చేతులూ మెడ మీద ఉన్నాయి. మొహం కందిపోయింది, కళ్లలోంచి ధారగా నీళ్లు. నోరు మాత్రం గట్టిగా బిగించి ఉంది.

ఏమైంది అని ఆవిడ చేత్తో అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. పెద్దోడు గిల్లాడా? కాదు. పడ్డావా? కాదు. గుటక మింగి, చేత్తో కళ్లు తుడుచుకుని, అమ్మ వైపు చూసింది. ఇంత ఏడుపొచ్చినా కిక్కురుమనలేదు, చూశావా అన్నట్టు. ఆవిడ బొటనవేలు ఎత్తి చూపించింది, భేష్ అని.

భేష్ అంది కన్నతల్లి. ఎవరినని ఏం లాభం?

మధ్యాహ్నం అన్నం పెడితే పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కక్కేసింది. గడ్డం మీదుగా చొంగ కారుతోంది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాస్త వెచ్చగా తగిలింది. ఆవిడ పిల్లని వంటింటి మూలకి తీసుకెళ్లి చెవిలో అంది:

"గొంతు నొప్పా తల్లీ? ఎక్కడ నొప్పో చెప్పు. ఆట అయిపోయింది."

పిల్ల పెదాలు బిగించి ఓరగా చూసింది.

"నిజంగా అయిపోయిందే. నా బంగారం కదూ. ఈసారి మోసం కాదు, నీ మీద ఒట్టు."

ఒట్లన్నీ ముందే ఖర్చయిపోయాయి. పిల్ల చొంగ తుడుచుకుని, వేలు పెదాల మీద పెట్టి, తెర వైపు చూపించింది. నాన్న పడుకున్నాడు కదా అని తల్లికే బుద్ధి చెప్పింది.

ఆవిడ తెర తీసి లోపలికి వెళ్లింది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మూడువేళ్ల చెయ్యి గుండెల మీద. ఒక్క దగ్గు చాలు. భుజం మీద చెయ్యేసి లేపితే లేస్తాడు, లేవగానే దగ్గుతాడు, పిల్ల నోరు విప్పుతుంది. కానీ ఒకసారి లేస్తే ఈ మనిషికి మళ్లీ నిద్ర పట్టదు. రాత్రికి ఆ బ్లేడు ముందు నిలబడాలి. ఆవిడ చెయ్యి భుజం దాకా వెళ్లింది. అక్కడే ఆగి వెనక్కి వచ్చేసింది. పిల్లకి గొంతు వాచినట్టుంది, దానికోసం ఆయన్ని లేపడం దేనికి అనుకుంది. ఈ రెండు ప్రాణాల్లో ఏది ప్రమాదంలో ఉందో ఆవిడకి తెలుసనే అనుకుంది.

పెద్దోడికి నాన్నని చూస్తూ ఉండమని సైగ చేసి, పిల్లని చంకనేసుకుని వీధి చివర క్లినిక్కుకి వెళ్లింది. డాక్టరు కళ్లజోడు పైకి తోసి, పిల్ల నోట్లో టార్చి వేసి చూశాడు.

"ఏమైనా మింగిందా అమ్మా? గుండీలూ గింజలూ లాంటివి?"

"లేదండీ. మా పిల్ల అలాంటిది కాదు. పొద్దుటినుంచీ నా కళ్లెదురుగానే ఉంది."

"పాపా, ఏమైనా మింగావా? ఎక్కడ నొప్పి?"

బుడంకాయ డాక్టరు మొహంలోకి చూసింది, అమ్మ మొహంలోకి చూసింది. ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకం అనుకుందేమో, ఏడుపు మొహంలోనే చిన్నగా నవ్వింది.

"మాటలు రావా?"

"బోలెడు వస్తాయండీ. మొండి. మాట్లాడదు."

వరండాలో పేషెంట్లు బెంచీలు నిండి నిలబడి ఉన్నారు. గొంతు ఎర్రగా ఉందని సిరప్పు రాసిచ్చి, తగ్గకపోతే రేపు తీసుకురమ్మన్నాడు. ఆవిడ వచ్చి సిరప్పు పట్టింది. అది సగం లోపలికీ సగం గౌను మీదకీ పోయింది. పిల్ల బొమ్మని పట్టుకుని గోడవారగా, అట్టల ఊరి పక్కన ముడుచుకుని పడుకుంది. ఆవిడ మిగిలిన చొక్కాలకి గుండీలు కుట్టింది.

ఎండ వాలాక తెర వెనక మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చుని దగ్గాడు.

బుడంకాయ లేచింది. ఒంట్లో ఓపిక లేకపోయినా, గోడ పట్టుకుంటూ తెర దాకా నడిచి తండ్రి మోకాళ్ల మధ్యకి చేరింది.

"నాన్నా" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "బొమ్మ పాట నాలో ఉంది."

"నీలోనా? ఏదీ, పాడు మరి" అన్నాడాయన నవ్వుతూ.

"మండుతోంది నాన్నా."

పొయ్యి దగ్గరున్న ఆవిడ చేతిలో గిన్నె జారిపడింది. ఈ ఇంట్లో పగటిపూట అంత చప్పుడు విని ఎన్నాళ్లయిందో. ఆవిడ గుండీల డబ్బా తెచ్చి నేలమీద బోర్లించింది. గుండీలు గదంతా దొర్లాయి, అట్టల ఊళ్లోకీ మంచం కిందకీ. తెల్లవీ నల్లవీ నీలంవీ. ఆ తెల్లటి బిళ్ల లేదు.

పెద్దాసుపత్రిలో ఫొటో తీస్తే మెడ కిందుగా గుండ్రంగా కనపడింది. అన్నం దిగే గొట్టంలో ఇరుక్కుని ఉంది. గొట్టం వేసి తీశారు. తీసిన డాక్టరమ్మ బయటికొచ్చి, అది ఊరికే ఇరుక్కున్న గుండీ కాదని, తడిలో పడ్డ దగ్గర్నుంచీ చుట్టూ కండని కాలుస్తూనే ఉంటుందని చెప్పింది. "ఎప్పుడు మింగింది?" అని అడిగింది. పొద్దున అని ఆవిడ చెప్పింది. డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. చివాట్లు పెట్టలేదు. ప్రాణానికి ఇప్పటికి భయం లేదని, మాట పలికించే నరం సరిగ్గా ఆ పక్కనుంచే పోతుందని, దాని సంగతి పుండు మానాక గానీ తెలియదని చెప్పి వెళ్లిపోయింది.

వరండాలో ఆయన మూగాట సంగతి విన్నాడు. చెప్పింది పెద్దోడు. నియమాలన్నీ చెప్పాడు, అమ్మ పెట్టిన మెలికతో సహా. ఆయన పెళ్లాం వైపు తిరిగాడు.

"మధ్యాహ్నం నన్ను లేపకపోయావా?"

"వచ్చాను. భుజం దాకా చెయ్యి వచ్చింది. మీకు మళ్లీ నిద్ర..."

"నా నిద్ర తగలెయ్యా! రెండు వేళ్లు పోతే ఏం, పది పోతే ఏం? అవి నా వేళ్లే."

అప్పుడు కూడా గట్టిగా అరవలేదాయన. అరవడం ఆ ఇంట్లో అందరూ మరిచిపోయారు.

పిల్లకి ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు పోశారు. గొట్టం ఉన్నన్నాళ్లూ మాట్లాడించవద్దన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు నర్సు వేలు పెదాల మీద పెట్టి చూపించింది. బుడంకాయకి ఒక్కసారిగా అర్థమైంది. కళ్లు మెరిశాయి. ఆ మంచం మీద, ఆ వార్డులో, పక్క మంచాల పిల్లలు కేకలు పెట్టి ఏడుస్తుంటే, సూదులు గుచ్చించుకుంటూ కూడా నోరు మెదపకుండా పడుకుంది. ఇంత బుద్ధిమంతురాలిని చూడలేదని నర్సులు మెచ్చుకున్నారు. ఆవిడ ఆ మెప్పు విన్నప్పుడల్లా వరండాలోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

గొట్టం తీసిన రోజు నలుగురూ ఉన్నారు. ఆయన షిఫ్టు దిగి, బట్టలైనా మార్చుకోకుండా అట్టల దుమ్ముతో అలాగే వచ్చాడు. డాక్టరమ్మ మంచం మీద కూర్చుని, పిల్ల గడ్డం పట్టుకుంది.

"ఏదీ, అమ్మా అను. వింటాను."

పిల్ల పెదాలు బిగించింది.

"ఒక్కసారి. ఎలా ఉందో చూడాలి కదా."

తల అడ్డంగా ఊపింది.

"అయిపోయింది తల్లీ" అంది ఆవిడ. "ఆట అయిపోయింది. ఇంకెప్పుడూ ఆడం. నీ కాళ్లు పట్టుకుంటా, మాట్లాడవే. కేకలెయ్యి. నీ ఇష్టం వచ్చినట్టు అరువు."

పిల్ల ఓరగా చూసింది. ఆ చూపు ఆవిడకి బాగా తెలుసు. అది నేర్పింది తనే. ఆవిడ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ఎంత ఏడ్చినా పిల్ల నమ్మదు. ఏడుపు కూడా ఆటలో ఒక ఎత్తే అనుకుంటుంది.

"అమ్మ చెబితే నమ్మదు" అన్నాడు పెద్దోడు. "నాన్న దగ్గాలి."

ఆయన పిల్ల పక్కన కూర్చున్నాడు. దగ్గబోయాడు. రోజూ పిలవకుండా వచ్చే దగ్గు ఆరోజు రాలేదు. గుండెల మీద గుద్దుకుని మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి, దుమ్ము కదిలిందో దుఃఖమే కదిలిందో, లోపల్నుంచి తన్నుకుంటూ వచ్చింది, పాత మోటారు సైకిలు స్టార్టు చేసినట్టు.

బుడంకాయ మొహం విప్పారింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఒకేసారి చెప్పేద్దామని నోరు పెద్దగా తెరిచింది. గాలి వచ్చింది. గాలి ఒక్కటే వచ్చింది. పిల్ల ఆగి, గుటక వేసి, మెడ నరాలు ఉబ్బేలా మళ్లీ తెరిచింది. అదే గాలి. డాక్టరమ్మ గడ్డం వదిలేసి, లేచి నిలబడి, కేసు షీటు చేతిలోకి తీసుకుంది.

పిల్ల మాత్రం ఏడవలేదు. ఇంకా అలవాటు పోలేదనుకుందో, రేపు వస్తుందిలే అనుకుందో. ఆట అయిపోయింది, తనే గెలిచింది, దానికి తెలిసింది అంతే. నేలమీద కూలబడ్డ అమ్మ వైపు వంగి రెండు చేతులూ దోసిలిగా పట్టింది. ఇన్ని రోజుల గుండీలు ఒక్క చేతిలో పట్టవని దానికి తెలుసు.